మూరెడు వదులు

"తాడు మీద చెయ్యి తియ్!"

మునిశేఖర్ అరుపుకు రేవు చివరనున్న కొంగలు లేచిపోయాయి.

ఆమె మాత్రం లేవలేదు. చెక్కల మీద గొంతుక్కూర్చుని, మూడో నంబరు పడవ తాడును గుంజ నుంచి విప్పుతూనే ఉంది.

"నిన్నే, ఏమ్మే! చెవుడా?"

"వినబడింది సామీ. మరీ బిగువుగా ఉండాది. మూరెడు వదుల్తా ఉండా."

మునిశేఖర్ పుత్తూరు మనిషి. పులికాట్ సరస్సు ఒడ్డున కొత్తగా కట్టిన ఈ రేవుకు మేనేజరుగా వచ్చి మూడు వారాలైంది. చెన్నై వాళ్ల తెరచాప పడవలు ఆరు ఇక్కడే ఉంటాయి. శని, ఆదివారాల్లో వచ్చి తిప్పుకుంటారు, కట్టేసి పోతారు. మిగతా ఐదు రోజులూ వాటి పూచీ మునిశేఖర్‌దే.

"ఒక్క పడవకు గీత పడినా నువ్వు పుత్తూరు బస్సెక్కేయొచ్చు" అని కాంట్రాక్టరు మునిప్రసాద్ మొదటి రోజే చెప్పాడు.

అందుకే రోజూ పొద్దున్నే ఆరు పడవల తాళ్లూ తన చేత్తోనే బిగిస్తాడు. ముందొకటి, వెనకొకటి. పడవలన్నీ గీత గీసినట్టు నిలబడ్డాక ఫోటో తీసి కాంట్రాక్టరుకు పంపుతాడు.

సాయంత్రానికి చూస్తే అవి మళ్లీ వంకరటింకరగా ఊగుతుంటాయి.

ఇన్నాళ్లకు దొంగ దొరికింది.

"పేరేంది?"

"రూతు."

"ఎవురు రమ్మన్నారు నిన్ను?"

"ఎవురూ రమ్మన్లే. ముందు నుంచీ వస్తా ఉండా."

"ముందు ఈడ రేవే లేదు!"

"గుంజలుండె. ఈ పడవలూ ఉండె."

మునిశేఖర్‌కు ఒళ్లు మండింది.

"నాకే కట్టడం నేర్పిస్తావా? మా తాత పుత్తూరులో కట్టు కడితే విరిగిన చెయ్యి నెలదాకా కదిలేది కాదు. తెల్సునా?"

"ఎముక కదలకూడదు నాయనా," అంది రూతు, ముడి వేస్తూ. "పడవ కదలాల. పైన వానలు పడితే ఏరొస్తాది. నీళ్లు లేస్తే పడవా లేయాల. తాడు లేయనీకపోతే ఏమయితాది?"

"ఎండకు నెత్తి పగిలిపోతా ఉండాది, ఏరంట, ఏరు!"

ఆమె చేతిలో తాడు లాక్కున్నాడు. గుంజకు కాలు తన్నిపెట్టి, ఆమె చూస్తుండగానే మళ్లీ బిగించాడు.

"నీ కత నాకు తెల్సులే. వాళ్లొచ్చినాక 'నేనే సూసుకున్యా సామీ' అని చెయ్యి చాపేదానికేగదా ఇదంతా? మొన్న ఆదివారం బిర్యానీ పొట్లం పుచ్చుకోలా నువ్వు?"

రూతు మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"పెట్టినారు. తిన్యా."

"సిగ్గు లేదా?"

ఆమె లేచి, చీర కుచ్చిళ్లకంటిన ఇసుక దులుపుకుంది. కింద నీళ్లలో ఉన్న తన చిన్న పడవలోకి దిగింది.

"వానలు మొదలైతే మాత్రం వదులు నాయనా. మూరెడు సాలు."

"పోతావా, పోలీసుల్ని పిలిపించేదా?"

మర్నాడే రేవుకు ఇనుప గేటు పెట్టించి తాళం వేశాడు. రూతు రెండు రోజులు వచ్చి గేటు బయట నిలబడింది. మూడో రోజు రాలేదు.

"పాపం అప్పా, ఆయమ్మ..." అని ఏదో చెప్పబోయింది టీ బంకు కుప్పమ్మ.

"నీ బంకు గూడా ఎత్తించేదా?"

కుప్పమ్మ మళ్లీ గ్లాసులు కడుక్కోవడంలో పడింది.

ఆ ఆదివారం చెన్నై మనిషొకడు పడవ కట్టేసి, గేటు దగ్గర అటూ ఇటూ చూశాడు.

"అమ్మ వరలయా?" అన్నాడు తమిళంలో, రూతు రాలేదా అని.

"ఊరికి పోయినాది సార్," అన్నాడు మునిశేఖర్ తడుముకోకుండా. ఒక ముష్టిదాని కోసం ఇంత ఆరా ఏమిటో అతనికి అర్థం కాలేదు.

పది రోజులు ఫోటోలు చక్కగా వచ్చాయి. కాంట్రాక్టరు బొటనవేలు బొమ్మ పంపాడు.

పదకొండో రోజు పైన కొండల్లో వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు.

బుధవారం తెల్లవారి మునిశేఖర్ వచ్చేసరికి సరస్సు రేవు చెక్కలను నాకుతోంది.

నీళ్లు లేచాయి. పడవలు లేవలేదు.

తాళ్లు మగ్గం మీది పడుగులా బిగుసుకుని, ఆరింటినీ ఒక పక్కకు లాగి పట్టుకున్నాయి. ఆ పక్క నుంచి నీళ్లు లోపలికి పోతున్నాయి. ఒక్క ముడీ జారలేదు.

విప్పబోతే గోళ్లు విరిగాయి. కుప్పమ్మ బంకులోంచి కత్తి తెచ్చి కోశాడు. రెండు పడవలు దులుపుకుని పైకి లేచాయి. నాలుగు అప్పటికే నిండిపోయి, అడుక్కి కూర్చున్నాయి.

"కుప్పమ్మా! ఆ రూతు యాడుంటాది? బిరీన పిలిపించు!"

"యాడుండాది ఇంగ? పడవ అమ్ముకోని నగరికి పాయె, మగ్గాల కాడ పనికి. వారమాయె."

పడవల వాళ్లకు చెప్పక తప్పదు. ఫోన్ నంబర్ల కోసం ఆఫీసు బీరువా తెరిచాడు. రేవు తెరిచిన రోజు వాళ్లు నింపిచ్చిన ఆరు కాగితాలు ఫైలులో కట్టి ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని ముట్టుకునే అవసరమే రాలేదు.

తడి చేత్తో మొదటిది తీశాడు. నంబరు కింద ఒక ప్రశ్న ఉంది: "మా రేవునే ఎందుకు ఎంచుకున్నారు?"

కొత్త చెక్కలు, కొత్త దీపాలు అని రాసి ఉంటారనుకున్నాడు.

ఇద్దరు తమిళంలో రాశారు, నలుగురు ఇంగ్లీషులో. తమిళ సరిహద్దులోని పుత్తూరు మనిషికి రెండూ చదవడం వచ్చు.

ఆరింటిలోనూ జవాబు ఒకటే: "అక్కడ తాళ్లు రూతమ్మ చూసుకుంటుంది కాబట్టి."