తలంబ్రాల పాట

"ఆఖరి ముహూర్తం కూడా ఇచ్చేసినానప్పా, కడపోళ్ళకు," అన్నాడు అజయ్, డ్రమ్ముల మీద గుడ్డ కప్పుతూ.

వాసుదేవ్ చేతిలోని గిటారు పక్కన పెట్టేశాడు. "ఎవర్నడిగి ఇచ్చినావురా? అది నా పెళ్ళికి ఉంచమన్నా గదా."

"పెళ్ళికూతురే ఫోన్ చేసింది. నీ పాట లేకుండా తాళి కట్టించుకునేదే లేదనింది. నేనేం చేసేది?"

బేస్ గిటారు వాయించే ఓబుళేశు తలెత్తకుండా తీగలు తుడుచుకుంటున్నాడు.

కల్లూరులో ఓబుళేశు నాన్నకున్న బండల పాలిషింగ్ షెడ్డులో పుట్టిన రాక్ బ్యాండు వాళ్ళది. పేరు కూడా 'నాపరాయి' అనే పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి నల్ల టీషర్టులు వేసుకుని గొంతులు చించుకున్నారు. పక్క షెడ్డువాళ్ళు వచ్చి మిషను కాసేపు ఆపమని అడిగితే, అది మిషను కాదని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకునేవారు.

పోయిన ఏడాది కడపలో ఏదో కాలేజీ ఉత్సవంలో పాట మధ్యలో కరెంటు పోయింది. కుర్రాళ్ళు ఈలలు మొదలుపెట్టారు. ఏం చేయాలో తోచక వాసుదేవ్ మామూలు గిటారు అందుకుని, తనకు కాబోయే భార్య అమూల్య కోసం కట్టి అప్పటిదాకా ఎవరికీ వినిపించని పాట ఎత్తుకున్నాడు. 'ఎండ వైపు నేను నడుస్తా, నీడ వైపు నువ్వు నడువు' అని మొదలవుతుంది. ఎవరో ఫోన్లో తీసి నెట్‌లో పెట్టారు. నెల తిరగకుండానే కోయిలకుంట్ల నుంచి మంగంపేట దాకా ఏ పెళ్ళిలోనైనా తలంబ్రాలప్పుడు ఆ పాట ఉండాల్సిందే, అదీ వాసుదేవ్ వచ్చి పాడాల్సిందే అన్నట్టయింది. ఆ పాటలో డ్రమ్ములకు పని లేదు కాబట్టి అజయ్ బుకింగులు చూసుకోవడం మొదలుపెట్టాడు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. మంచి ముహూర్తాలు అందరికీ ఒక్క పంచాంగంలోంచే రావాలి. అమూల్య తండ్రి పెంచలయ్యకు కడపలో పెద్ద కిరాణా కొట్టు ఉంది. తాంబూలాలు పుచ్చుకున్నాక ఆయన ఏ ముహూర్తం పెట్టించినా ఆ రోజు కాబోయే అల్లుడు ఎవరో ఒకరి పెళ్ళిలో పాడుతుండేవాడు. మాటిచ్చి తప్పితే ఆ పెళ్ళికూతురు ఏమనుకుంటుంది అనేవాడు వాసుదేవ్. తన పెళ్ళికూతురు ఏమనుకుంటుందో మాత్రం ఆలోచించలేదు. ఇప్పుడు మూఢం తరుముకొస్తోంది. అదొచ్చిందంటే నెలల తరబడి పెళ్ళిళ్ళుండవు.

కడపోళ్ళ సంగతి అమూల్యకు ఫోన్లో చెప్పాడు.

"ఆ పాట ఎవరికోసం కట్టినావు?" అందామె.

"నీకోసమే."

"సీమలో ఆడపిల్లలంతా ఎదురుగా కూర్చోని విన్నారు. నేనొక్కదాన్నే ఫోన్లో వింటాండా."

"మూఢం పోయినాక మొదటి ముహూర్తం మనదే. నా మీద ఒట్టు."

"మూఢం వచ్చేలోపలే నా పెళ్ళి. మా నాయన నిశ్చయం చేసేసినాడు. నువ్వు పోయి ఆ కడపోళ్ళకు పాడుకో."

పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

వాసుదేవ్‌కు అన్నం సహించలేదు. తల్లి సుబ్బరత్నమ్మతో చెప్పుకుంటే ఆమె బియ్యం ఏరుతూనే, "ఎట్ల రాసిపెట్టింటే అట్ల అవుతాదిలే నాయనా," అంది. పైగా ఊరి దిష్టంతా వీడి మీదే ఉండాదంటూ పక్కింటి ఈరక్కను పిలిచి, కొడుకుకు నూనె పెట్టి తలంటి, హారతిచ్చింది. "మనోళ్ళదే పెళ్ళి ఉండాది, ముందుగా పోతాండా," అని సంచి సర్దుకుని బస్సెక్కింది. కొడుకు ఇంత బాధలో ఉంటే ఈమెకు పెళ్ళిళ్ళ తిరుగుడేమిటని వాసుదేవ్‌కు ఒళ్ళు మండింది.

బయలుదేరే రోజు అజయ్ పట్టుపంచె తెచ్చిచ్చాడు. నల్ల టీషర్టులు శుభానికి పనికిరావని పెళ్ళివాళ్ళు గట్టిగా చెప్పారట. ఏది కడితే ఏముందిలే అని కట్టుకున్నాడు.

కడపలో కల్యాణ మండపం ముందు పూల బోర్డు మీద 'అమూల్య' అని ఉంది. పక్కన ఉండాల్సిన పేరుకు ఇంకా పూలు గుచ్చుతున్నారు. ఇంకెవరో అమూల్య అయ్యుంటుందిలే అనుకున్నాడు. గుమ్మంలో వచ్చినవాళ్ళకు గంధం రాస్తూ పెంచలయ్య కనబడేసరికి అతను మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"ఏమప్పా, ఇంత ఆలస్యమా? పో, పోయి పాడు," అన్నాడు పెంచలయ్య. నిన్నమొన్నటిదాకా నోరారా అల్లుడూ అని పిలిచిన మనిషి.

"నావల్ల కాదురా, ఎనక్కి పోదాం," అన్నాడు వాసుదేవ్, అజయ్ చెయ్యి పట్టుకుని.

"మాటిచ్చి తప్పితే పెళ్ళికూతురు ఏమనుకుంటాదప్పా?" అన్నాడు అజయ్.

ఈ పెళ్ళిలో తలంబ్రాలకంటే ముందే పాట కావాలట. మండపంలో పసుపు చీర కట్టుకుని, బుగ్గన చుక్కతో తల వంచుకుని కూర్చుంది అమూల్య. వాసుదేవ్ ఆమె వైపే తిరిగి పాడాడు. ఇన్ని పెళ్ళిళ్ళలో పాడిన పాటను అది ఎవరిదో వాళ్ళ ఎదుట పాడటం ఇదే మొదటిసారి. ఒక్కరోజు, ఒక్క పెళ్ళి మానుకుని ఈ పని ముందే చేసి ఉంటే ఎంత బాగుండేదని ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు.

చివరి చరణానికి అమూల్య తలెత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి కానీ నవ్వుతోంది. ఆ నవ్వు చూడలేక అతను గిటారు వైపు తల దించుకున్నాడు.

"ముహూర్తం దగ్గర పడింది, పెళ్ళికొడుకును పిలవండి," అన్నారు పురోహితులు.

వాడెవడో చూడటం ఇష్టంలేక వాసుదేవ్ గిటారు భుజాన వేసుకుని, దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగాడు.

సుబ్బరత్నమ్మ వచ్చి కొడుకు నుదుట బాసికం కట్టింది.