సరిచేశాను

ఏమోయ్, ఫోన్‌లోంచి ఆ ముక్కు కాస్త బయటికి తియ్యి. పక్కవాణ్ని ఏడిపించడంలో నిన్ను మించినవాడు లేడనే కదూ నీ ధీమా? అయితే నీకు అన్నయ్య అయ్యేవాడి సంగతి విను.

ఆయన టైర్ల గోడౌన్‌లో స్టోర్‌కీపర్. ఏభై దాటినా బుద్ధి మాత్రం పదేళ్ల దగ్గరే ఆగిపోయింది.

కుర్చీలకు జిగురు పూయడం, టీలో ఉప్పు కలపడం పాతబడిపోయి చేతులు దురద పెడుతున్న రోజుల్లో, వాళ్లక్క కంప్యూటర్‌లో ఒక వెబ్‌సైట్ కంటపడింది.

అక్కది రక్తపరీక్షల ల్యాబ్. రిపోర్టులన్నీ ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్‌లో దాచుకుంటుంది. దాన్ని తయారుచేసిన ప్రోగ్రామర్ లోపలి రాతంతా అందరూ చూసుకునేలా తెరిచిపెట్టాడు. ఓపెన్ సోర్స్ అంటారు. ఎలా వాడాలో చెప్పడానికి తన సొంత వెబ్‌సైట్‌లో వికీ పేజీలు కూడా పెట్టాడు.

"వికీ అంటే ఏంటక్కా?"

"ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చురా."

"ఎవరైనానా?"

"నువ్వు తప్ప," అంది అక్క.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు భోజనాల వేళ 'టైరు' అని పేరు పెట్టుకుని మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాడు: 'వాడేముందు కంప్యూటర్‌కి కాసిని మంచినీళ్లు పట్టాలి.'

రెండు నిమిషాల్లో ఆ వాక్యం మాయం. మార్పుల జాబితాలో 'చీపురు' అన్న పేరు, పక్కన ఒకే ఒక్క మాట: 'సరిచేశాను.'

మళ్లీ రాశాడు. మళ్లీ రెండు నిమిషాలు. మళ్లీ 'సరిచేశాను.'

'ఒరేయ్ చీపురూ, నీకు వేరే పనీపాటా లేదా?'

'సరిచేశాను.'

మనిషైతే ఈపాటికి నాలుగు తిట్టేవాడు. కాబట్టి ఇది చెత్త తుడిచే ప్రోగ్రామ్ అని తేల్చుకున్నాడు. 'ఇనపబుర్ర' అని ముద్దుపేరు కూడా పెట్టాడు.

ఇక పంతం పట్టుకుంది. ఆ ఇనపబుర్రని ఒక్కసారి ఓడించాలి. ఒక్క అబద్ధం ఒక్క రోజు నిలవాలి. అంతే.

ఏడాదిపాటు క్యారేజీ మూత తీయకముందే ఫోన్ తీశాడు. ఒక్కరోజూ గెలవలేదు.

చివరికి అసలు చోటే పట్టుకున్నాడు. కొత్త వెర్షన్ వేసేటప్పుడు 'పాతవి ఉంచు' నొక్కండి అన్న చోట, 'పాతవి తీసెయ్' నొక్కండి అని మార్చాడు.

రెండు నిమిషాల్లో తుడిచేస్తుందిగా, కొంపలేం మునగవు!

రెండు నిమిషాలయింది. పది అయింది. లారీ సరుకు దింపించి వచ్చి చూశాడు. అలాగే ఉంది.

"ఓడావురా ఇనపబుర్రా!" అని టైర్ల మధ్య గంతులేశాడు.

మర్నాడూ ఉంది. అక్క ఆ పేజీ ఎప్పుడో చదివేసి ఉంటుందిలే అనుకుని, ముచ్చటకొద్దీ ఉంచేశాడు.

మూడో రోజు అక్క ఫోన్ చేసింది.

"కొత్త వెర్షన్ వేశానురా. పేజీలో ఎలా ఉంటే అలాగే నొక్కాను. నాలుగేళ్ల రిపోర్టులు పోయాయి. ఒకావిడ ఎదురుగా కూర్చునుంది. వాళ్లాయన పాత రిపోర్టు చూస్తే తప్ప మందు మార్చనన్నాడట డాక్టరు. ఏం చెప్పను రా ఆవిడకి? ఏ వెధవ రాశాడో..."

"వెధవే అక్కా," అన్నాడు.

వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ కొట్టి ప్రోగ్రామర్ మీద విరుచుకుపడ్డాడు.

"ఏమయ్యా, నీ పేజీలో తప్పుడు మాట మూడు రోజుల్నుంచి ఉంటే చూసుకోవక్కర్లేదా? మా అక్క రిపోర్టులు తిరిగొస్తాయా, రావా?"

"వేరేచోట కాపీ ఏమన్నా ఉందాండీ?"

"ఉంటే నీకెందుకు చేస్తాను?"

"అయితే రావండీ. తప్పు నాదే. నేను వారానికోసారే చూస్తాను."

"మరి నీ ప్రోగ్రామ్ ఏం చేస్తోంది?"

"ఏ ప్రోగ్రామండీ?"

"అదేనయ్యా, చీపురు!"

"అది ప్రోగ్రామ్ కాదండీ, మనిషి. నేనూ ఎప్పుడూ చూడలేదు. ఏళ్ల తరబడి మంచం మీదే ఉన్నాడు. ఒక్క వేలే కదిలేది, అందుకే ఒక్క మాటే రాసేవాడు. మూడు రోజుల క్రితం పోయాడని వాళ్ల నర్సు ఇవాళే రాసింది."

స్టోర్‌కీపర్ టైర్ల మీద కూర్చున్నాడు.

"'టైరు' అని ఒకడు రోజూ వచ్చి ఆయన్ని ఏడిపించేవాడండీ. వాణ్ని రానివ్వకుండా చేస్తానని రెండుసార్లు రాశాను," అన్నాడు ప్రోగ్రామర్. "పూటంతా కష్టపడి ఆ వేలితోనే జవాబిచ్చాడు: 'వద్దు. రోజూ నన్ను చూడ్డానికి వచ్చేది అతనొక్కడే.'"