నమూనా సీసా

వణుకుడాయన చేతిలో పడి తన బతుకు ముక్కలవుతోందని టైరునూనె యజమానికి ఒకటే కడుపుమంట.

పాత టైర్లు కరిగించి నూనె తీసే ఫ్యాక్టరీ అతనిది. నూనెలో గంధకం హద్దు దాటలేదని సర్టిఫికెట్ ఉంటే తప్ప ఇటుక బట్టీలవాళ్లు కొనరు. సర్టిఫికెట్ రావాలంటే నమూనా ల్యాబుకు వెళ్లాలి.

అదే వెళ్లదు.

తనిఖీకి వచ్చే పెద్దాయన డ్రమ్ము మూత తీసి వాసన చూస్తాడు. సీసా నింపుతాడు. అప్పుడే చెయ్యి వణుకుతుంది. సీసా నేల మీద భళ్లుమంటుంది.

ఆ రోజూ అంతే.

"అయ్యయ్యో, మళ్లీ జారింది బాబూ! వచ్చే వారం వస్తాను. ఈలోగా గంధకం పోయేలా నూనె కడిగించండి. ట్యాంకు ఉందిగా?"

ఉంది. అనుమతి కోసం పెట్టిన ట్యాంకు. దాని మీద బావమరిది బట్టలు ఆరేసుకుంటాడు.

"ముందు మీరు చెయ్యి కడుక్కోండి సార్, జారకుండా ఉంటుంది," అన్నాడు బావమరిది.

పెద్దాయన నవ్వలేదు. గాజు పెంకులు ఏరి, రుమాల్లో మూటగట్టుకుని వెళ్లిపోయాడు.

యజమాని కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగాడు.

"చెయ్యి తడపమని అర్థమేమో బావా?"

"తడిపి చూశాన్రా. కవరు మళ్లీ నా జేబులోనే కుక్కాడు."

"అప్పుడు వణకలేదా?"

"నోర్ముయ్."

"పోనీ, ఆయన చెప్పినట్టు కడిగిస్తే పోలా?"

"కడిగితే ఖర్చెంతో తెలుసా? బ్యాంకు వాయిదా మీ నాన్న కడతాడా?"

"తాకట్టులో ఉన్నది మా నాన్న నేలే కదా బావా!"

యజమాని ఇక కూర్చోలేకపోయాడు. నేరుగా పై ఆఫీసుకెళ్లి బల్ల గుద్దాడు.

"సీసా పట్టుకోవడం రానివాణ్ని తనిఖీకి పంపుతారా? వాడికి జీతం, నాకు జాగారం!"

కొద్దిరోజులకే పెద్దాయన్ని ఉద్యోగం మాన్పించి ఇంటికి పంపేశారు.

కొత్తగా వచ్చినవాడు కుర్రాడు. వాసన చూడలేదు. చెయ్యి వణకలేదు. సీసా ల్యాబుకు వెళ్లింది.

"చూశావా, పనంటే ఇదీ!" అని బావమరిది వీపు చరిచాడు యజమాని.

ఆ వారం తిరక్కుండానే గేటుకు సీలు పడింది.

"ఇదేంటి సార్? తప్పితే తప్పింది, కడిగించి మళ్లీ ఇస్తాను!"

"మళ్లీ అనేది లేదండీ. ల్యాబులో ఒక్కసారి తప్పితే మూతే. రూలు," అన్నాడు కుర్రాడు.

"మరి ఆ ముసలాయన ఎన్నిసార్లు వచ్చాడు..."

"సీసా ల్యాబుకు చేరలేదుగా. చేరితే ఆ రోజే పడేది సీలు."

ఆ మాట యజమాని చెవికెక్కలేదు. బ్యాంకువాళ్లు నేలను వేలం వేసిన రోజు, మామగారికి మొహం చూపించలేక, పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి.

తలుపు తీసే ఉంది.

లోపల పెద్దాయన భార్య కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చుంది. ఆయన ఆమె కంట్లో చుక్కల మందు వేస్తున్నాడు.

"కదలకు," అన్నాడు.

చిన్న సీసా ఆమె కంటికి వెంట్రుకవాసి ఎడంలో, గోడకు దిగ్గొట్టిన మేకులా నిలబడింది.

ఒక చుక్క. ఆగి, ఇంకో చుక్క. చెంప మీదికి ఒక్కటీ జారలేదు.



ఇన్నాళ్లూ మామగారి ఎకరంపావు నేల జారిపోకుండా పట్టుకుని ఉన్నది ఆ చెయ్యే.