కషాయంలో కిటుకు

చిన్నప్పుడు నా మలేరియా తగ్గించిన అమ్మమ్మ ఆకు కషాయం నుంచే కొత్త మందు తీస్తానని ల్యాబ్‌లో అందరికీ చెప్పాను.

గాజు పళ్లెంలోని మలేరియా క్రిముల మీద ఉత్త ఆకురసం పోస్తే ఒక్కటీ చావలేదు. అమ్మమ్మ కాచి పంపిన కషాయం పోస్తే ఒక్కటీ మిగల్లేదు. కిటుకు కాచడంలో ఉందని తేల్చాను. సన్నసెగ మీద కాచాను, పెద్దమంట మీద కాచాను, మూతపెట్టి కాచాను. ల్యాబ్ వంటిల్లయింది. క్రిములకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఈ ఉదయం యంత్రం అమ్మమ్మ కషాయంలో క్రిముల్ని చంపే పదార్థాన్ని విడదీసి, పేరు చెప్పింది. మందుల షాపులో దొరికే పాత మలేరియా మాత్ర.

అమ్మమ్మకు ఫోన్ చేశాను.

"కషాయంలో మాత్ర కలిపావా?"

"కలపకుండా ఎలాగే? అప్పట్లో చేసినట్టే, ఏమీ మార్చకుండా చెయ్యమన్నది నువ్వేగా!"

"అప్పుడూ కలిపావా?"

"డాక్టరిచ్చిన మాత్ర చేదని నా మొహానే ఉమ్మేదానివి. నూరి కషాయంలో కలిపి, ఇది తాతల నాటి రహస్యం, ఎవరికీ చెప్పకు అన్నాను. గటగటా తాగేశావు."

"మరి ఆ ఆకు?"

"పెరట్లో చేతికందింది, కోశాను. చేదులో చేదు తెలీదని."

పక్క గదిలో ఇంకో కుండెడు ఆకు ఉడుకుతోంది.

"ఇంతకీ మీ పురుగులు చచ్చాయా?" అంది అమ్మమ్మ.

"అన్నీ చచ్చాయి."

"చూశావా! మందుదేముందే, హస్తవాసి ఉండాలి."