నువ్వు బ్యాంకు దానివేనా?

“మీ మేనేజరు ఈడికొచ్చి మొగం సూపించేదాకా నువ్వు కదిలేదానికి లేదు,” అంటూ పెద్దసుబ్బమ్మ స్కూటీ తాళంచెవి లాక్కొని రొంటిన దోపుకుంది.

సుధారాణి తాళంచెవి కోసం చెయ్యి చాపింది. ఆమె బ్యాంకులో చేరి ఇంకా ఏడాది కాలేదు. ఆదివారాలు పల్లెలకు వెళ్లి జనానికి బ్యాంకు సంగతులు చెప్పే పనికి తనంతట తానే పేరిచ్చింది. పొద్దున్నే జమ్మలమడుగు నుంచి బయల్దేరి, గండికోట దారిలో ఉన్న ఈ గొర్రెల కాపరుల పల్లెకు వచ్చింది. బడి వరండాలో బ్యానరు కట్టి, ఆడవాళ్లను వరుసగా నిలబెట్టింది. నాలుగు మాటలు చెప్పి, ఒక ఫోటో తీసుకుంటే అయిపోతుంది. పన్నెండుకల్లా ప్రొద్దుటూరులో ఉండాలి. సాయంత్రం బ్యాంకు పెడుతున్న కోలాటం పోటీలకు స్టేజీ ఏర్పాట్లు ఆమెవే. సరిగ్గా ఫోటో తీయబోతుంటే ఈ ముసలావిడ వరుసలోంచి బయటికొచ్చి, “నువ్వు బ్యాంకు దానివని మాకేంది గ్యారంటీ?” అని అడ్డం తిరిగింది.

సుధారాణి మెడలోని గుర్తింపు కార్డు చూపించింది. “ఇదిగో అవ్వా, నా ఫోటో, నా పేరు.”

“ఇట్లాంటియి అంగళ్లల్లో అడిగినన్ని ఏసిస్తారు.”

“అయితే మా మేనేజరుతోనే మాట్లాడు.” పులివెందులలో చీనీ బత్తాయి రైతులకు క్లాసు చెబుతున్న వంశీకృష్ణకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

“అమ్మా, ఆ అమ్మాయి మా బ్రాంచిలోనే పనిచేస్తుంది. వదిలేయండి,” అన్నాడాయన.

“ఫోన్లో అందురూ మేనేజర్లే!” పెద్దసుబ్బమ్మ కసిరింది. “మొన్న మా పార్వతమ్మకు గూడా మేనేజరునే అని సెప్పి ఒగడు ఓటీపీ అడిగినాడు. గొర్రెపిల్లలమ్మిన దుడ్లన్నీ ఊడ్సకపాయ. నువ్వు నిజం మేనేజరువైతే ఈడికే రాప్పా.”

“సరే, వస్తున్నా,” అని ఆయన ఫోన్ పెట్టేశాడు గానీ, రావడానికి రెండు గంటలైనా పడుతుంది. సుధారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. సెలవు రోజు హాయిగా ఇంట్లో పడుకోక, ఎందుకొచ్చిన సేవ ఇది అనుకుంది.

“ఏడ్సాకు పాపా,” పక్కనే ఉన్న మస్తానమ్మ చాప పరిచింది. “కూర్సో. నువ్వు బ్యాంకు దానివైతే మేమడిగేదానికి సెప్పు. ఏడాదికోసారి నా అకౌంట్లో ఇరవై రూపాయలు ఎందుకు కోస్తాండారు?”

“అది ప్రమాద బీమా అక్కా. ప్రమాదంలో జరగరానిది జరిగితే ఇంట్లోవాళ్లకు రెండు లక్షలొస్తాయి.”

“రెండు లచ్చలా! ఎవురూ సెప్పలేదే! మరి నామినీ అంటే ఏంది?”

“మనం లేకుండా పోతే, మన ఖాతాలో డబ్బు తీసుకునేవాళ్లు. మనమే పేరు రాసివ్వాలి.”

“మొగుని పేరే రాయల్లా?”

“ఎవరి పేరైనా రాయొచ్చు.”

“అట్లయితే రేపట్నుంచి మావోడు నా మాట ఇంటాడు!”

వరండా అంతా గొల్లున నవ్వింది. సుధారాణికీ నవ్వాగలేదు. అక్కడి నుంచి ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఏటీఎం అంటే భయమని ఎవరో అనగానే, ఆమె సుద్దముక్కతో నేల మీద అంకెల మీటలు గీసింది. ఒక్కొక్కరూ వచ్చి, పక్కవాళ్లకు కనబడకుండా చీర కుచ్చెళ్లు అడ్డం పెట్టుకొని, కాలి బొటనవేలితో నొక్కి పోయారు. మస్తానమ్మ చప్పట్లు కొడుతూ పాట కూడా కట్టేసింది:

“ఓటీపీ అడిగినోడు దొంగోడే కోలన్నా,
ఒగ అంకె సెప్పినా ఇల్లంతా గుల్లన్నా!”

అందరూ గొంతు కలిపారు. పాట ఆగాక, మూలన కూర్చున్న పార్వతమ్మ మెల్లగా అడిగింది. “అమ్మా, నా దుడ్లు ఇంగ రావా?”

సుధారాణికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“అప్పుడే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసుంటే ఆపడానికి వీలుండేది పెద్దమ్మా. ఇప్పుడు కష్టమే. అట్లని ఊరుకోవద్దు. ఫిర్యాదు రాద్దాం. రేపు సాయంత్రం పోలీసు స్టేషనుకు నేనూ వస్తా.”

పక్కన చతికిలబడి, ఫోనొచ్చిన రోజు, నంబరు, వాడన్న మాటలు అన్నీ అడిగి రెండు పేజీలు రాసింది. కింద పార్వతమ్మ ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం చేసి, కాగితం వైపు చాలాసేపు చూసింది.

“వచ్చినా రాకున్నా, నా మాట ఒగకాడ రాస్తివి. అదే సాలు,” అంది.

బయట కారు ఆగింది. చెమటలు కక్కుతూ వంశీకృష్ణ మెట్లెక్కాడు.

“సుధారాణీ, పద పద! ప్రొద్దుటూరు నుంచి పది ఫోన్లొచ్చాయి.”

“ఒక్క పావుగంట సార్,” తలెత్తకుండానే అంది సుధారాణి. “ఇంకా నలుగురివి నామినీ కాగితాలు రాయాలి.”

ఆయన గోడకానుకొని అలాగే నిలబడిపోయాడు. నేల మీది సుద్దగీతలు, పాట పాడుకుంటున్న ఆడవాళ్లు, తన రాకే పట్టని సుధారాణి. ఆయన ఇన్నాళ్లుగా ఎన్నో క్లాసులు పెట్టించాడు గానీ ఇలాంటిది చూడలేదు. ఆఖరి కాగితం అయ్యేదాకా ఓపిక పట్టి, పెద్దసుబ్బమ్మకు చేతులు జోడించాడు.

“మేనేజర్ని నేనే. మొహం చూపించా. ఈ పిల్ల బ్యాంకుదేనని ఇప్పుడన్నా నమ్మకం కుదిరిందా అమ్మా?”

పెద్దసుబ్బమ్మ రొంటినున్న తాళంచెవి తీసి, సుధారాణి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

“నమ్మకానికేమప్పా! పోయిన సోమవారం బ్యాంకులో నా పాసుపుస్తకం ప్రింటేసిచ్చింది ఈ పాపే గదా. ఆ మాట నేను పొద్దున్నే అనింటే, ఫోటో తీసుకొని పది నిమిషాలకే బండెక్కి పోతాండె!”