ఇద్దరు రాజుల సంధి

“మీ రాజుగారి ఒంట్లో ఎలా ఉంది?” అన్నాడు ఫ్రోదిన్, పొగబెట్టిన చేపముక్కను రొట్టె మీద పెట్టుకుంటూ.

“ఆయనకేం బావా! వేటలో ఉన్నారు. మొన్న అడవిపందిని కొట్టారు. ఈటె విరిగితే ఆ విరిగిన ముక్కతోనే పొడిచి చంపారు,” అన్నాడు రాదో.

సిగెమార్ రాజు చనిపోయి ఆనాటికి తొమ్మిది రోజులు.

మోజెల్ నది నడుమ ఆ చిన్న లంక ఎవరిదీ కాదు. అందుకే రెండు ఒడ్ల రాజ్యాలకూ మాటలన్నీ అక్కడే జరిగేవి. తూర్పున సిగెమార్ రాజ్యం. అతని తరఫున రాదో. పడమట హారివాల్డ్ రాజ్యం. అతని తరఫున ఫ్రోదిన్. పాతికేళ్ల కిందట ఒక తగువు తీరినప్పుడు రాదో అక్కను ఫ్రోదిన్‌కిచ్చి పెళ్లి చేశారు. ఆనాటినుంచీ బల్లకు చెరోవైపు కూర్చునేది ఈ బావాబావమరుదులే.

ఆ నేలల్లో సంధి రెండు రాజ్యాల మధ్య జరగదు. ఇద్దరు మనుషుల మధ్య జరుగుతుంది. ఇద్దరిలో ఒకరు కన్నుమూస్తే ఆ ప్రమాణమూ అతనితోపాటే మట్టిలోకి పోతుంది. సిగెమార్ లేడన్న మాట నది దాటితే చాలు, మర్నాటికి హారివాల్డ్ గుర్రాలు నది దాటుతాయి. కోటలో ఉన్నది రెండేళ్ల రాకుమారుడు. వసంత సభలో సామంతులు ఆ పసివాడి చేతిలో చేతులు పెట్టి విధేయత పలికేదాకా రాజు బతికే ఉండాలి. దానికింకా ఇరవై రోజులుంది. “ఏదైనా ఇచ్చిరా రాదో, నిజం ఒక్కటి తప్ప,” అని రాణి చెప్పి పంపింది.

“మా హారివాల్డ్ మహారాజు మాత్రం తక్కువ తిన్నారా?” అన్నాడు ఫ్రోదిన్. “అరవై దాటినా గుర్రం దిగితే ఒట్టు. నిన్న ముగ్గురు పడుచువాళ్లను కుస్తీలో మట్టి కరిపించారు.”

“వాళ్లే కరిచి ఉంటారులే బావా. రాజును పడగొట్టి ఇంటికెళ్లేదెవడు?”

ఫ్రోదిన్ పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

“సరే, అసలు సంగతికొద్దాం. మీ రాజు కోట బయట కనపడి చాలా రోజులైందని మావాళ్లు చెవులు కొరుక్కుంటున్నారు.”

“ఇప్పుడే చెప్పానుగా, వేటలో ఉన్నారని.”

“నాకు చెప్పావు, నేను నమ్మాను. మా రాజు నమ్మొద్దూ? ఆయన మాట ఇదీ. రేపు మధ్యాహ్నం ఈ లంక మీదే ఇద్దరు రాజులూ ఎదురెదురుగా నిలబడి, చేతిలో చెయ్యేసి మళ్లీ ప్రమాణం చెయ్యాలి. కుదరదంటావా, మీ రాజు కూతురు ఆదెలిందను మా ఒడ్డున పూచీగా ఉంచండి.”

‘రమ్మను, చూద్దాం!’ అన్న మాట రాదో నాలుక చివరిదాకా వచ్చింది. ఎదుట ఫ్రోదిన్ నోట్లో రొట్టె ఉంది, నమలడం లేదు. ఎలుక కోసం కాచుకున్న పిల్లిలా కదలకుండా చూస్తున్నాడు.

రాదో ఆ మాటను మింగేశాడు.

“రాజులకి వేట చెడగొట్టడమెందుకు? పిల్లను పంపుతాం.”

ఫ్రోదిన్ పొడుగ్గా ఊపిరి వదిలాడు. గెలిచినవాడి ఊపిరి అనుకున్నాడు రాదో.

“ఇవాళే పంపాలి.”

“అంత తొందరేమిటి బావా?”

“మా రాజు సంగతి నీకు తెలీదూ? ఆయనకి ఆగడం చేతకాదు. బెంగపడకు, పిల్ల మా ఇంట్లోనే ఉంటుంది. మీ అక్క చూసుకుంటుంది.”

ఆదెలిందకు పన్నెండేళ్లు. కాలం చేసిన మొదటి రాణి కూతురు. గుర్రమెక్కడం రాకముందు ఆమె ఎక్కిన భుజాలు రాదోవే. తూర్పు రేవులో కొత్త ఉన్ని శాలువా కప్పుకుని నిలబడింది.

“నాన్నే పంపమన్నారా మావయ్యా?”

“అవునమ్మా.”

“మరి రేవుదాకా రాలేదేం?”

“వస్తే నిన్ను పంపలేరు తల్లీ.”

అబద్ధమే. అయినా ఆ మాటకు రాదో కళ్లే చెమర్చాయి.

“అయితే చెప్పు, నేను ఏడవలేదని. పడవలో కూర్చోకుండా నిలబడే వెళ్లిందని చెప్పు.”

“చెప్తాను.”

ఎవరికి చెబుతాడు?

పడవ సాగింది. పిల్ల నిలబడే వెళ్లింది. ఒకసారి తూలింది, మళ్లీ నిలదొక్కుకుంది. అవతలి ఒడ్డున మనుషుల మధ్య ఆ శాలువా కనుమరుగయ్యేదాకా రాదో చూశాడు. ఇరవై రోజులకు నిజం బయటపడుతుంది. తండ్రి చావుతో సంధీ చస్తుంది. మోసపోయిన హారివాల్డ్ చేతిలో అప్పుడీ పిల్ల ఉంటుంది. ఆపైన ఊహించడానికి అతనికి ధైర్యం చాలలేదు. మరో దారి ఏముంది? హారివాల్డ్ ఎదుట నిలబెట్టడానికి తన దగ్గర రాజు లేడు.

పిల్లను దించి వచ్చిన పడవలోంచి ఒక ముసలి సన్యాసి దిగాడు. పడమటి మఠంవాడు. మెడలో తోలుకాగితపు చుట్ట వేలాడుతోంది. ఈమధ్య పోయినవారి పేర్లు రాసి, ప్రార్థన కోసం ఒడ్లతో పని లేకుండా ఊరూరి చర్చికీ తిప్పే చుట్ట అది.

“వారం కిందటే రావలసింది నాయనా,” అన్నాడు ముసలాయన, రొప్పుతూ. “మా రేవులో పడవలన్నీ కట్టేశారు. ఆ పిల్ల దిగాకే వదిలారు. చదవడం వచ్చా నీకు? మీ ఫాదరుగారికి కాస్త చదివి వినిపించు, ఆయనకు చూపు ఆనదుగా.”

రాదో చుట్ట విప్పాడు.

మొదటి పేరు హారివాల్డ్ రాజుది.