చివరి చెయ్యి

"మనిషి కాలు విరగ్గొట్టింది మీ షెడ్డే. బండి కాదు."

ఆమె ఆ మాట షెడ్డు మధ్యలో నిలబడి అంది, వీధిలో పోయేవాళ్లకు కూడా వినపడేలా. తోసుకొచ్చింది పాత బండి, రెండు కార్బురేటర్లది. మూడు వారాల క్రితం ఆ బండి ఇక్కడే వాటిని శుభ్రం చేయించుకుని వెళ్లింది. అదే రోజు మలుపులో యాక్సిలరేటర్ పట్టేసి గోడను గుద్దింది.

బండిని చూడగానే మేస్త్రీ గొంతు తగ్గించాడు.

"కూర్చోండమ్మా. తప్పు నాది కాదు. మా పనివాడొకడు పెట్రోలు సన్నగా దిగే జెట్లలో చెత్త వదిలేశాడు. ఆ రోజే మెడపట్టి గెంటేశాను."

"వాడే వదిలాడని చూశారా?"

"చూడాలా? విప్పింది వాడు, కడిగింది వాడు. ఏ షెడ్డూ వాణ్ణి గడప తొక్కనివ్వకుండా నేనే చెప్పి పెట్టాను. ఇక ఈ జన్మలో పానా పట్టడు."

"అంత తేలిగ్గా తేల్చేశారన్నమాట." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "బండి తాళం నాకిచ్చి, నిజం తేల్చుకు రమ్మన్నారు. మా ఆయన మూడు వారాలుగా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అన్నం ముందు కూడా అదే మాట, ఎలా పట్టేసిందీ అని. నా కళ్ల ముందు విప్పి మళ్లీ కట్టండి. అప్పటిదాకా కదలను."

బండ్లు ఇచ్చి ఆగిన ఇద్దరు దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఇక తప్పదు. మేస్త్రీ కుడి కార్బురేటర్ దించి, అడుగున ఉన్న పెట్రోలు గిన్నె విప్పాడు. జెట్లు ఊడదీసి గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"జెట్టులో చెత్త ఉంటే బండి ఆగిపోవాలి గానీ, దూసుకుపోతుందా?" అంది ఆమె.

మేస్త్రీ చెయ్యి ఆగింది. "ఇవన్నీ ఎవరు చెప్పారమ్మా మీకు?"

"ఇంట్లో వింటుంటాను."

"ఆవిడకో పానా ఇవ్వు మేస్త్రీ, సగం పని తనే చేస్తుంది" అన్నాడు నిలబడ్డవాళ్లలో ఒకడు. మేస్త్రీ లోపలి స్లైడు బయటికి తీశాడు. యాక్సిలరేటర్ తిప్పితే లేచి, వదిలితే దిగే ముక్క అది. దాని నిండా గీతలు.

"గోడ దెబ్బకు పడ్డాయి" అన్నాడు.

"అలాగంటారనే కొత్తది తెచ్చాను."

ఆమె సంచిలోంచి తీసి తనే కార్బురేటర్లోకి జారవిడిచింది. టక్కుమని అడుగుకు దిగింది.

"బాగుంది కదా, బిగించండి."

"ఆగండి. నా చెయ్యి పడకుండా ఏ బండీ ఈ గుమ్మం దాటదు." తాళం వేసిన సొరుగులోంచి గరుకు ఎమరీ కాగితం తీసి, కొత్త స్లైడును పైకి లాగి గరగరా రుద్దాడు. "ఇలా రుద్దితే నున్నగా జారుతుంది. ఇదీ నా గుట్టు."

"ఈ పని పనివాళ్లకు ఇవ్వరా?"

"పదిహేనేళ్లలో ఒక్కడి చేతికీ ఇవ్వలేదు. చివరి చెయ్యి నాదే."

"ఈ బండికి కూడానా?"

"ఈ బండికి కూడా."

"విన్నారుగా" అంది ఆమె ఆ ఇద్దరితో. "ఇప్పుడు జారవిడవండి మేస్త్రీ."

పాతదాని మీదున్నలాంటి గీతలే పడ్డ స్లైడు సగం దాకా దిగి ఆగిపోయింది. మేస్త్రీ కార్బురేటర్ను తలకిందులు చేసి తట్టాడు. కదల్లేదు.

"చల్లగా ఉన్నప్పుడే ఇలా పట్టేస్తే, ఇంజను కాగాక ఏం చేస్తుంది?"

"స్ప్రింగు తోసేస్తుందిలే అని... ఎప్పుడూ చూడలేదమ్మా." అతను వీధి వైపు చూశాడు. "మెల్లగా మాట్లాడండి. నా పేరు పోతుంది."

పనివాడి పరువు తీసేటప్పుడు మాత్రం వీధి వీధీ తిరిగాడు.

"మీ ఆయన కాలు అతికేదాకా మీ ఇంటి భారం నాదే తల్లీ. ఇంకేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

ఆమె లేచింది. ఇరుక్కున్న స్లైడును ఊడలాగి, రెండు స్లైడులూ రుమాల్లో మూటకట్టుకుంది.

"తాళమిచ్చి పంపింది కాలు విరిగినాయన. మా ఆయన కాళ్లు బాగానే ఉన్నాయి, మీరు పీకేసిన పని ఇవాళే తిరిగివ్వండి."